దాటేసిన వాక్యం

నేను డిగ్రీ పాసయ్యాను. ఈ మాట కొంచెం నిదానంగా, సందర్భం చూసి చెబుదామనుకున్నాను గానీ ఆగలేకపోయాను. నాకిప్పుడు యాభై రెండేళ్ళు. మా వంశంలో పట్టా చేత్తో పట్టుకున్న మొదటి మనిషిని నేనే. మా నాయనది వేలిముద్ర, అమ్మది వేలిముద్ర, మా ఆయన సంతకం దాకా నేర్చుకుని అక్కడ ఆపేశాడు. అబ్బాయి ఐటీఐ చేసి తడ దగ్గర ఒక ఫ్యాక్టరీకి పోతున్నాడు. నేను ఏర్పేడు దగ్గర ఒక కాలేజీ హాస్టల్లో వంటమనిషిని. కంట్లో నీళ్ళు తెప్పించే ఎర్రగడ్డలు తరిగే బల్ల మీద ఒక పక్క పుస్తకం పెట్టుకుని దూరవిద్యలో బీఏ చదివాను. నా చరిత్ర పుస్తకం ఇప్పుడు తెరిచినా ఎర్రగడ్డల వాసనే వస్తుంది.

పట్టా తెచ్చుకోవడానికి తిరుపతి వెళ్ళాను. కౌంటర్‌లో ఉన్న అతను కాగితాలు తిరగేస్తూ, "పాప రాలేదామ్మా? పాపే వచ్చి సంతకం పెట్టాల," అన్నాడు. "పాప నేనే సార్," అన్నాను. అతను తల ఎత్తి చూసి, కుర్చీలోంచి కొంచెం లేచి, రెండు చేతులతో ఇచ్చాడు కాగితం. తిరుగు బస్సులో పక్కన కూర్చున్న కాళహస్తి ఆవిడకు చెప్పాను. టికెట్టు కొట్టే కండక్టర్‌కు చెప్పాను. హాస్టల్ వాచ్‌మన్‌కు చెప్పాను. వంటగదిలో అందరూ కలిసి కేసరి చేశారు. ఎవరూ ఎన్ని మార్కులని అడగలేదు, నేనూ చెప్పలేదు. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కిందికి వస్తుందా రాదా అని బస్సులో కాసేపు ఆలోచించాను గానీ, ఇంతలో కిటికీ పక్క సీటు ఖాళీ అయింది, ఆ ఆలోచన పోయింది.

మర్నాడు ఆదివారం. పట్టాను పాలిథిన్ కవర్లో పెట్టుకుని మా పల్లెకు ఆటో ఎక్కాను. మొదట చెప్పాల్సిన మనిషి మా అవ్వ ఎస్తేరమ్మ. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆమె తర్వాత చెప్పాల్సిన మనిషి మునెమ్మక్క. ఇప్పుడామెకు డెబ్బైకి దగ్గర. చూపు కొంచెం తగ్గింది, మాట ఏమాత్రం తగ్గలేదు. ఆటో ఊరి బయట మలుపు తిరిగేటప్పుడు, ఒకప్పుడు చెంగల్రాయుడిగారి ఎర్రచేను ఉన్న చోట తెల్లసున్నం కొట్టిన రాళ్ళు కనిపించాయి, ఒక్కోదాని మీద ఒక్కో నంబరు. అక్కడంతా ప్లాట్లు వేశారు. ఆ రాళ్ళు లెక్కబెట్టుకుంటూ పోతుంటే నాకు ఒకే ఒక్క సాయంత్రం గుర్తొచ్చింది. నా చదువంతా ఆ సాయంత్రంతోనే మొదలైందని ఇప్పుడనిపిస్తుంది.

మా అవ్వకు చదువు రాదు. తాతకు వచ్చు. మిషనోళ్ళు పెట్టిన బడిలో పెద్దయ్యాక నేర్చుకున్నాడట. కూలి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పొద్దు గూకకముందే, ఇంకా వెలుతురుండగానే వాకిట్లో కూర్చుని బైబిలు చదివేవాడు. అవ్వ ఆయన పక్కన రాగులు చెరుగుతూనో, వేరుశనక్కాయలు ఒలుస్తూనో వినేది. చేతులు ఆగేవి కావు. మాకు గుడి గంట, రేడియో ఏవీ లేవు, ఆ చదువే మాకు సాయంత్రమైన గుర్తు. తాత పోయాక ఆ పుస్తకం నా వంతుకు వచ్చింది. అప్పుడు నేను ఐదో తరగతి. అమ్మానాయన పనుల కోసం మద్రాసు వైపు పోతే నన్ను అవ్వ దగ్గరే వదిలేసి పోయేవాళ్ళు. ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే. పుస్తకం రేకు పెట్టెలో, అవ్వ పెళ్ళి చీర మడతల మధ్య ఉండేది. పురుగు పట్టకుండా వేపాకు వేసేది అవ్వ. ఇప్పటికీ వేపాకు ఎండిన వాసన తగిలితే నా గొంతు దానంతటదే చదవడానికి సర్దుకుంటుంది.

తాత పెట్టిన అలవాటు ఒకటుండేది. వేరుశనగ కోతలు మొదలైన వారంలో వేరే ఏ పేజీ చదవకూడదు, ఒక పేజీ మాత్రమే చదవాలి. గుర్తుకు అందులో నెమలి ఈక పెట్టి ఉండేది. ఆ పేజీలో ఉన్నది నా మాటల్లో చెబుతాను. చేను కోసేటప్పుడు అంచుల దాకా కోయొద్దు, రాలింది ఏరుకోవద్దు, ఆ పరిగె బీదవాళ్ళకూ పరాయి ఊరివాళ్ళకూ వదిలెయ్యి అని మొదలవుతుంది. దాని వెంటనే దొంగతనం చేయొద్దు, మోసం చేయొద్దు, ఒకరితో ఒకరు అబద్ధమాడొద్దు అని వస్తుంది. తర్వాత, కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర పెట్టుకోవద్దు. చెవిటివాణ్ణి తిట్టొద్దు. గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టొద్దు. తీర్పు చెప్పేటప్పుడు బీదవాడని ఒక పక్కకు ఒరగొద్దు, గొప్పవాడని ఇంకో పక్కకు ఒరగొద్దు. అంతే ఆ పేజీ. అవ్వ దాన్ని ఎన్ని కోతలు విన్నదో తెలియదు.

మా పల్లెలో ఎక్కువ భూమి ఉన్న చెంగల్రాయుడు బైబిలు చదివిన మనిషి కాదు, ఏటా తిరుమల కొండెక్కి గుండు కొట్టించుకునే మనిషి. కానీ ఆయన చేనులో పరిగెకు ఒక పద్ధతి ఉండేది, వాళ్ళమ్మ కాలం నుంచి వస్తున్నది. వేరుశనగ చెట్లు పెరికి, కాయలు తెంపి, ఆఖరి బండి గట్టు దాటాక చేను వదిలేసేవాళ్ళు. మట్టిలో తెగి ఉండిపోయిన కాయలు ఏరుకోవచ్చు. మొదటి రోజు మొగుడు లేని ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ మాత్రమే దిగాలి, రెండో రోజు నుంచి ఎవరైనా. పాత కొడవలి మొనతో మట్టి గెలుకుతూ, వంచిన నడుం ఎత్తకుండా సాయంత్రం దాకా ఏరితే ఒక చిన్న మూట అవుతుంది. పరిగె కాయలు చూడగానే తెలుస్తాయి. సన్నగా, ముడుచుకుని, మట్టి పట్టి ఉంటాయి. చాలావాటిలో ఒక్క గింజే. మునెమ్మక్క అప్పటికి ఇరవై ఆరేళ్ళ మనిషి, చంకలో బిడ్డ, మొగుడు పాము కరిచి పోయి రెండేళ్ళు. ఆమెకు ఏడాదికి సరిపడా నూనె, చట్నీకి గింజలు ఈ పరిగెలోంచే రావాలి. మిగతా రోజుల్లో ఆమెకు కూలి దొరికేదీ ఎక్కువగా చెంగల్రాయుడి చేలల్లోనే.

ఆ ఏడు నేను అవ్వతో కలిసి మొదటి రోజే దిగాను. వచ్చే ఆదివారం మా చర్చిలో కోత పండగ. పండిన పంటలో మంచిది తెచ్చి దేవుడి ముందర పెట్టాలి. సండే స్కూల్లో కాస్త భూమి ఉన్న ఇళ్ళ పిల్లలు గుమ్మడికాయలు, కొర్రకంకులు, చెట్టుతో సహా వేరుశనక్కాయలు తెస్తారు. నేను గెలికి గెలికి తీసినవి చూసుకుంటే నాకే సిగ్గేసింది. గోరంత కాయలు, అందులోనూ సగం తాలు. పై మడి పెరకడం అయిపోయింది గానీ కింది మడిలో చెట్లు ఇంకా అలాగే ఉన్నాయి, పచ్చగా, నిండుగా. బయటికి పోయొస్తానని చెప్పి కింది మడిలోకి పోయాను. పది చెట్లు పెరికాను. కాయలు తెంపి గంపలో అడుగున వేసి, మీద పరిగె కాయలు పరిచాను. ఖాళీ చెట్లు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. గట్టు మీద ఒకే ఒక్క కానుగ పొద ఉంది, దాని కిందికి తోశాను. ఆ పొద కొమ్మకు మునెమ్మక్క తన సద్దిమూట తగిలించుకుంది. ఆ సంగతి నేను చూశాను. చూసి కూడా తోశాను. వేరే చోటు లేదు కదా అనుకున్నాను. దేవుడి కోసమే కదా అని కూడా అనుకున్నాను.

మర్నాడు పొద్దున చెంగల్రాయుడు గట్టు మీద నడుస్తూ వాడిపోయిన చెట్లు చూశాడు. పరిగె ఏరేవాళ్ళందరినీ పిలిచాడు. అరవలేదు, ఆయనకు అరిచే అలవాటు లేదు.

"నిన్న ఈ కొమ్మకు మూట తగిలించింది ఎవురు?"

"నేనే సామీ," అంది మునెమ్మక్క.

"చెట్లు పెరికింది కూడా నువ్వేనా?"

"లేదు సామీ. నా మూట ఇప్పి సూడు, అన్నీ సన్నకాయలే ఉండాయి."

"మంచివి ఇంట్లో దాసుకోనుంటావు. పోనీలే పాపం, ఆడమనిషి అని ముందర దిగనిస్తే ఇదా సేసేది?" ఆయన పొద కింది చెట్లు కాలితో ఒకసారి తిరగేసి, "రేప్పొద్దున్నే మడక కట్టి దున్నించేస్తా. ఇంక నా సేన్లో పరిగె లేదు, ఎవురికీ లేదు. నువ్వు కూలికి కూడా రావొద్దు మునెమ్మా," అన్నాడు.

మునెమ్మక్క బిడ్డను ఎత్తుకుని, సద్దిమూట విప్పకుండానే పోయింది. తక్కిన ఆడవాళ్ళు ఆమె వెనక తిట్టుకుంటూ పోయారు, ఒకామె వల్ల అందరి నోట్లో మట్టి పడిందని. నేను అవ్వ చీర కొంగు పట్టుకుని నిలబడి ఉన్నాను. నా గంప ఇంట్లో, బియ్యం కుండ వెనక ఉంది.

సాయంత్రం అవ్వ కాళ్ళు కడుక్కుని వాకిట్లో కూర్చుంది. నేను పెట్టె తెరిచి, నెమలి ఈక ఉన్న పేజీ తీశాను. చేను అంచుల దాకా కోయొద్దనే మాట చదివాను. పరిగె బీదవాళ్ళకు వదలమనే మాట చదివాను. దాని కింది వరసలో దొంగతనం అనే మాట నా కంటికి కనిపించింది. ఆ వరస దాటేసి, ఎక్కడా ఆగకుండా, కూలివాడి కూలి దగ్గర అందుకున్నాను. గొంతు కూడా మారనివ్వలేదు. చదువు రాని మనిషికి ఎట్లా తెలుస్తుంది అనుకున్నాను.

అవ్వ కాయలు ఒలవడం ఆపింది.

"ఆగు పాపా. ఆడ ఇంకోటి ఉండాల."

"ఏం లేదవ్వా. పరిగె అయినాక కూలే."

"మీ తాత సదివేటప్పుడు ఉండేది. ఇప్పుడు యాడికి పోయింది? ఎలకలు కొరికినాయా?"

అవ్వ నా దగ్గరికి జరిగింది. ఏ అక్షరమో తెలియకపోయినా పేజీ మీద చెయ్యి పెట్టి, వేలు కిందికి జరుపుతూ, "పరిగె ఈడ ఉంటే, దాని కిందనే మూడు మాటలు ఉంటాయి. కోసేవానికి ఒక మాట సెప్పినాడు, ఏరేవానికి ఒక మాట సెప్పినాడు. రెండూ పక్కపక్కనే పెట్టినాడు. ఆస్తి ఉండేవాడు మొదటిది దాటేస్తాడు. నువ్వు రెండోది దాటేసినావు. ఆ మూడిట్లో నీకు అడ్డమొచ్చింది ఏది? దొంగతనమా, మోసమా, అబద్ధమా?" అంది.

"మూడూ అవ్వా," అన్నాను.

అవ్వ కొట్టలేదు. లేచి పోయి గంప తెచ్చి చాప మీద బోర్లించింది. పైనున్న సన్నకాయలు ఒక పక్కకు, అడుగున ఉన్న నిండుకాయలు ఒక పక్కకు తీసింది. తర్వాత, "ఇప్పుడు కిందికి పో. గుడ్డోని గురించి సదువు," అంది.

చదివాను. గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టొద్దనే మాట.

"నాకు సదువు రాదు. మీ తాత పోయినాక నీ కండ్లతో సూస్తా ఉండా. నువ్వు నా దావలో రాయి పెట్టినావు పాపా," అంది అవ్వ.

చెంగల్రాయుడి కాయలు పది చెట్లవి. ఇన్నేళ్ళలో వాటి కోసం నేను పెద్దగా బాధపడిన గుర్తు లేదు. ఈ మాట మాత్రం నన్ను వదల్లేదు.

మర్నాడు ఎద్దులను మడకకు కట్టే వేళకు మేము చేను దగ్గరున్నాం. వచ్చే దారిలో అవ్వ మునెమ్మక్కను పిలిచింది, నిన్న అక్కడున్న ఆడవాళ్ళందరినీ పిలిచింది. ఎందుకని అడిగితే, పదిమంది ముందర పడిన మాట పదిమంది ముందరే తీయాల అంది. నిండుకాయలు కొంగులో కట్టుకుని ఆమె ముందు నడిచింది. చెంగల్రాయుడు గట్టు మీద నిలబడి ఉన్నాడు. అవ్వ నన్ను ముందుకు తోసింది. నేను చెప్పాను. ఎక్కడెక్కడ ఏం చేశానో వరసగా చెప్పాను, కానుగ పొద దగ్గర మూట చూసిన సంగతితో సహా.

ఆయన నన్ను కాసేపు చూశాడు. "ఎందుకు పాపా నీకు అన్ని కాయలు?"

"కోత పండక్కి సామీ. దేవుడి ముందర పెట్టాలని."

మడక పట్టుకున్న మనిషి నవ్వాడు. చెంగల్రాయుడు నవ్వలేదు. అవ్వ కొంగు విప్పి కాయలు గట్టు మీద పోసింది. "సరేలే ఎస్తేరమ్మా. సిన్నపిల్ల. పో," అన్నాడు.

అవ్వ కదల్లేదు. "పాప తప్పు పాప సెప్పింది సామీ. నిన్న మునెమ్మను అన్న మాట మాత్రం ఈడనే ఉండిపోయింది."

"నేనేమన్నా తెలిసి అన్నానా?"

"తెలీకనే అన్నావు సామీ. తెలిసినాక గూడా ఆ మాట ఉంటే బాగుండదు."

ఎద్దు మెడలో గంట ఒకటి అప్పుడప్పుడు మోగుతోంది. అవ్వ రెండు చేతులూ కట్టుకునే నిలబడింది, గొంతు కూడా పెంచలేదు. చెంగల్రాయుడు చేను వంక, మనుషుల వంక చూసి, మడక పట్టుకున్న మనిషితో, "ఇప్పెయ్‌రా ఎద్దుల్ని. ఇంకో మూడు దినాలు ఏరుకోనీ," అన్నాడు. అప్పుడు మునెమ్మక్క వైపు తిరిగాడు, కానీ కళ్ళు ఆమె నెత్తి మీదుగా ఎక్కడో ఉన్నాయి. "నువ్వు తీసింటావనుకున్నా మునెమ్మా. తీయలేదు. రేపు కింది మడి పెరికేదానికి రా." ఆ రోజుల్లో ఒక భూమి గల మనిషి కూలి మనిషికి చెప్పగలిగిన క్షమాపణ అంతే. అది కూడా మామూలుగా దొరికేది కాదు.

మునెమ్మక్క నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని ఎత్తి, "దొంగసొత్తు దేవునికే పెట్టాలని సూసినావంటే, నువ్వు శానా పెద్ద సదువే సదువుతావు మే," అంది. ఆడవాళ్ళందరూ నవ్వారు. ఆ మూడు రోజులూ నేను బడి మానేసి ఏరిన కాయలన్నీ ఆమె మూటలోకే పోయాయి. అది అవ్వ తీర్పు. ఆదివారం నాడు గుమ్మడికాయల మధ్య, ఒక చిన్న గిన్నెలో, మొదటి రోజు ఏరిన సన్నకాయలు పెట్టి వచ్చాను. ఎవరూ వాటిని చూడలేదు. అవ్వ ఒక్కతే చూసింది.

ఆ చేనులో ఇప్పుడు మట్టి గెలికేవాళ్ళు లేరు. ఉన్న ఒకటి రెండు చేలల్లోనూ మిషను పెరికేస్తుంది, మిగిలింది పందులు తినిపోతాయి. పరిగె అనే మాట మా అబ్బాయికి తెలియదు. అది పోయిందని నేను ఏడవను. కొడవలి మొనతో రోజంతా నడుం వంచితే తప్ప నూనె రాని బతుకు పోవడం మంచిదే. రేషన్ బియ్యం వస్తున్నాయి, మునెమ్మక్కకు పింఛను వస్తోంది. కానీ ఆ రోజు గట్టు మీద చెంగల్రాయుడి ఎదురుగా నిలబడి మాట వెనక్కి అడిగింది అవ్వ. ఇప్పుడు మునెమ్మక్క పింఛను ఒక నెల ఆగితే ఎవరి ఎదుట నిలబడాలో ఆమెకు తెలియదు. గట్టు లేదు, ఎదురుగా తెలిసిన మనిషి లేడు, ఆఫీసు నుంచి కాగితమే వస్తుంది. అందుకేనేమో, హాస్టల్లో నాతో పనిచేసే ఆడవాళ్ళు ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. చివరి వరస దాకా, కింది చిన్న అక్షరాలతో సహా చదివి వినిపిస్తాను. మంచి ముక్క ఉన్నా, చెడ్డ ముక్క ఉన్నా, వేలు పెట్టి చదువుతాను.

మునెమ్మక్క ఇంటి ముందర నులక మంచం మీద కూర్చుని ఉంది. పాస్ అయ్యానని చెప్పాను. ఆమె రెండు చేతులతో నా మొహం తడిమి, "ఎస్తేరత్త ఉండాల్సింది," అంది. తర్వాత కవరు తీసుకుని, పైనా కిందా చేత్తో తుడిచి, వెనక్కి ఇచ్చింది.

"ఏం రాసినారో సదువు."

కాగితం ఇంగ్లీషులో ఉంది. ఒక్కో వరస తెలుగు చేసి చెప్పాను. నా పేరు, నాయన పేరు, ఏ సబ్జెక్టులు, బీఏ పాసైనట్టు. అక్కడ ఆగాను.

"అంతేనా? అడుగున ఇంకా నల్లగా అచ్చరాలుండాయే."

నాకు నవ్వొచ్చింది. వేలు ఆ వరస మీద పెట్టాను. "థర్డ్ క్లాసులో పాసైనట్టు రాసినారు అక్కా."

"అంటే?"

"పాసైన వాళ్ళలో అందరికంటే తక్కువ మార్కులని. ఇంకొంచెం తగ్గింటే ఫెయిలే."

ఆమె మంచం పక్కనున్న చేటలోంచి ఒక వేరుశనక్కాయ తీసి, రెండు వేళ్ళ మధ్య నొక్కి, గింజ నా అరచేతిలో పెట్టింది.

"అందురూ కోసుకోని, బండ్లకెత్తుకోని పోయినాక దిగినావు నువ్వు. పరిగె కాయ సన్నంగానే ఉంటాది మే. అందులో నూనె లేకుండా పోతాదా?" అంది. "ఇంకోసారి సదువు, మొదట్నించి."

గింజ నోట్లో వేసుకుని, మొదటి నుంచి మళ్ళీ చదివాను. ఈసారి చివరి వరస దగ్గర ఆగలేదు.